నేను తినని కోడి

మా పాపకు నాలుగేళ్లు. ప్రార్థనలో కళ్లు తెరిచి చూసిందని ఈ ఆదివారం ముగ్గురు నాతో చెప్పారు. మరి వాళ్ల కళ్లెందుకు తెరిచి ఉన్నాయో నేను అడగలేదు. పాస్టరు భార్యను కదా. పాప పడుకున్నాక ఆ దిగులేదో రాసుకుందామని కూర్చుంటే, పాస్టరు బిడ్డగా నేను వెలగబెట్టిన ఘనకార్యం గుర్తొచ్చింది. నవ్వు ఆగక నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు నేను చేవెళ్లలో ఇంటర్ చదువుతున్నాను. నాన్న చిన్న మంగళారంలో పాస్టరు. యువజనుల కూడికలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాలి: ఒకప్పుడు ఎంత చెడ్డవాళ్లమో, దేవుడు ఎట్లా మార్చాడో. ఒకతను గుట్కా మానేశానన్నాడు. ఇంకొకతను తండ్రి మీద చెయ్యెత్తానని ఏడ్చాడు. ఒకటే చప్పట్లు. తర్వాతి వంతు నాది. నా దగ్గర చెప్పుకోదగ్గ పాపం ఒక్కటీ లేదు. సంఘమంతా కాపలా కాస్తుంటే పాస్టరు బిడ్డకు పాపం చేసే తీరిక ఎక్కడిది?

"నేను కోడిని దొంగతనం చేసిన," అన్నాను.

ఎవరో "అయ్యో" అన్నారు. ఆ అయ్యోతో నాకు ఊపొచ్చింది. నల్ల పెట్ట అన్నాను. బావి దగ్గర కాల్చుకుని తిన్నానన్నాను. ఈకలు పాతిపెట్టానన్నాను. ఏడ్చాను కూడా. అందరికంటే నాకే ఎక్కువ చప్పట్లు.

మర్నాడు పొద్దున్నే సంఘంలోని ఒక అవ్వ కోడలిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. రెండు నెలల కిందట ఆమె నల్ల పెట్ట పోయింది. కోడలే కోసుకుని తిన్నదని అప్పటినుంచి ఆ అమ్మాయితో మాట్లాడటం లేదు.

"అయ్యగారూ, మీ బిడ్డ తిన్నదంట గదా. నేను గీ పిల్లను ఉత్తగనే తిట్టిన," అని కోడలి చెయ్యి పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగి, "పోతే పోయింది తియ్. మంచిగుండెనా మరి?" అంది.

"మంచిగనే ఉండె అవ్వా," అన్నాను. కోడలు నేల చూపులు చూసింది.

వాళ్లు వెళ్లాక నాన్న, "కోడిని కోస్తుంటేనే ఇంట్లకెళ్లి ఉరుకుతవు. నువ్వు కాల్చుకొని తిన్నవా?" అన్నాడు. నిజం చెప్పేశాను. ఆయన పెదవులు బిగబట్టుకుని, "వచ్చే ఆదివారం అందరి ముంగట లేచి గిదే చెప్పు," అన్నాడు.

వారమంతా నాకు అదే ఆలోచన. నా పరువు, నాన్న పరువు ఎటూ పోతాయి. కానీ నింద మళ్లీ కోడలి మీద పడుతుంది. ఆ వారమే అత్తాకోడళ్లు ఒకే ఆటోలో ముడిమ్యాల పెళ్లికి వెళ్లొచ్చారు.

ఆదివారం లేచి నిలబడ్డాను. "కోడిని నేను తినలే. అబద్ధం చెప్పిన."

అవ్వ తల మెల్లగా కోడలి వైపు తిరిగింది. పిల్లి ఎత్తుకుపోయి ఉంటుందని ఇంకో అబద్ధం ఆడబోతుంటే, కోడలే లేచింది.

"నేనే తిన్న అత్తమ్మా. గప్పుడు నాకు రెండో నెల. ఎవ్వరికీ చెప్పలే. కోడికూర మీద పానం గుంజింది. అడిగితే తిడతవని భయమైంది."

అవ్వ ఆమెను పైకీ కిందికీ చూసింది. "గా మాట గప్పుడే చెప్తే ఇంకోటి గూడ కోద్దును గదనే. మొత్తం ఒక్కదానివే తిన్నవా? నాకొక్క ముక్కన్న పెట్టకపోతివి."

ముందు నవ్వింది నాన్నే, కళ్లజోడు తీసేసి మరీ. తర్వాత సంఘమంతా. నేనింకా నిలబడే ఉన్నాను. నన్ను కూర్చోమనాలని ఎవరికీ గుర్తురాలేదు. రేకుల కింద ఉక్కగా ఉందని అవ్వ తన పాటల పుస్తకంతో కోడలికి విసరడం మొదలుపెట్టింది.