నేను నొక్కి చూడని మీట

మా అన్నయ్యను వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎఫ్ టూ అంటారు. మర్యాద తెలిసినవాళ్ళు ఎఫ్ టూ గారూ అంటారు, తెలియనివాళ్ళు ఏం ఎఫ్ టూ అంటారు. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషికి ఆ పేరు తగిలించింది నేనే కాబట్టి ఇంకొకరిని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

ఎందుకు తగిలించానో చెబుతాను. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద కంపెనీ గుర్తు ఒకటి మెరుస్తుంది కదా, అది ఉన్న ఆ రెండు మూడు క్షణాల్లో ఎఫ్ టూ అనే మీట నొక్కితే లోపలి సెట్టింగుల తెర వస్తుంది. మనం రోజూ చూసే తెర కాదు. దానికంటే ముందు లేచేది, యంత్రం ఎలా పనిచేయాలో మొత్తం రాసి ఉండేది. మిగతా మెకానిక్కులు ఆ మీటను అప్పులవాడు తలుపు కొట్టినట్టు దబదబా బాదుతారు. అన్నయ్య బాదడు. అటు తిరిగి కస్టమరుతో కబుర్లాడుతూనే, చూడకుండా, ఒక్కసారి నొక్కుతాడు. అంతే, తెర వచ్చేస్తుంది. "ఎలా అన్నయ్యా?" అంటే, "దానికీ నాకూ ఒక ఒప్పందం ఉందిలే" అని గొప్పలు పోయేవాడు.

మా దుకాణం ఒకటే గది. ముందు భాగంలో నా జిరాక్సు మిషను, వెనకాల అన్నయ్య బల్ల. విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా సబ్బుపెట్టె మూతల్లో వేసుకుంటాడు. మొగుడితో పొసగక నేను సంచి పట్టుకుని వచ్చేసిన రోజున ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ ముందు భాగం ఖాళీ చేసి ఇచ్చినవాడు మా అన్నయ్య. ఇది ఇక్కడే చెప్పకపోతే తర్వాత చెప్పడానికి నాకు ముఖం చెల్లదు.

నాలుగు నెలల క్రితం ఒక పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే అన్నయ్య కుడిచెయ్యి మాట వినలేదు. చిన్న స్ట్రోకు అన్నారు. నెలల తరబడి వేళ్ళకు కసరత్తులు చేయించాక, "చెయ్యి దాదాపు పూర్తిగా వచ్చేసినట్టే, ఇక భయం పోగొట్టుకోవడం మీ వంతు" అన్నాడు డాక్టరు. మూడు వారాల కిందట మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ ఆ పాత మనిషి రాలేదు. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడు. ఎవరైనా వస్తే కుడిచెయ్యి జేబులోకి పోతుంది. బిగించిన స్క్రూనే మళ్ళీ మళ్ళీ బిగిస్తాడు. అన్నీ నా కంట పడుతూనే ఉన్నాయి. ఏమీ అనకుండా ఉండటానికి నేనెంత తంటాలు పడ్డానో నా నోటి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇంట్లో వదిన పోరు మొదలైంది. వాళ్ళ తమ్ముడు ఒక గోడౌన్ చూసుకుంటాడు. "గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసుకోవడమే కదండీ. చేతికి శ్రమ ఉండదు. ఇంకొకణ్ణి పెట్టుకోకుండా మీకోసం ఆపాడు, ఎన్నాళ్ళని ఆపుతాడు?" అంటుంది. వదిన చెడ్డది కాదు, భయపడింది, అంతే. ఇటు ఫోన్ కవర్లు అమ్ముకునేవాడొకడు బల్ల ఉన్న చోటు తనకిమ్మని చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు. అన్నయ్య ఇద్దరికీ "చూద్దాం" అంటూ నెట్టుకొస్తున్నాడు. మొన్నొక పొద్దున షట్టర్ ఎత్తుతూ మాత్రం నాతో అన్నాడు. "ఇవాళ మొదట వచ్చిన పని నేను సరిగ్గా చేశానా, బల్ల నాది. లేదంటే ఇచ్చేస్తానే."

మొదట వచ్చింది రక్తపరీక్షల ల్యాబు ఆవిడ. చేతిలో కొత్త ల్యాప్‌టాప్.

"మా మిషను సాఫ్ట్‌వేరు పాతదండీ. ఈ కొత్తదాంట్లో నడవాలంటే లోపలి సెట్టింగుల్లో ఏదో ఆన్ చెయ్యాలట. మీరైతే చిటికెలో చేసేస్తారన్నారు."

అన్నయ్య నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంతకంటే సులువైన పని దొరకదని నేనూ పొంగిపోయాను. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేశాడు, పవర్ బటన్ నొక్కాడు, ఎఫ్ టూ నొక్కాడు. కంపెనీ గుర్తు అలా మెరిసి ఇలా మాయమై పాస్‌వర్డ్ అడిగే మామూలు తెర వచ్చి కూర్చుంది. మళ్ళీ షట్‌డౌన్ చేశాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే తెర. నవ్వు పోయింది. ఎడమచేత్తో ప్రయత్నించాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ల్యాబు ఆవిడ గడియారం చూసుకుంది. అప్పుడు మొదలుపెట్టాడు, జన్మలో ఎన్నడూ బాదని మనిషి ఆ మీటను దబదబా బాదడం.

నేను ఎవరివో సర్టిఫికెట్లు కాపీలు తీస్తున్నాను. మిషను చప్పుడును దాటుకుని ఆ బాదుడు నా చెవిన పడుతోంది. పదిహేను సార్లు, ఇరవై సార్లు. నా వల్ల కాలేదు. జాలో కోపమో నాకే తెలియదు, నోరు జారాను.

"ఇంక వదిలెయ్ అన్నయ్యా! చెయ్యి నడవట్లేదని కనబడుతూనే ఉందిగా! నీ వల్ల కాదు!"

పరాయి మనిషి ముందు అన్నాను. అన్నయ్య చెయ్యి మీట మీది నుంచి లేచి జేబులోకి వెళ్ళిపోయింది. "రేపు సాయంత్రానికి ఎవరితోనైనా చేయించి పెడతామండీ" అని ఆవిడను పంపించాడు. బావమరిదికి ఫోన్ చేసి, రేపట్నుంచే గేటు పనికి వస్తానని చెప్పాడు. చోటు తీసుకోమని కవర్లవాడికి కూడా తనే ఫోన్ చేశాడు. స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి ఒక రేకు డబ్బాలో సర్ది నా చేతికిచ్చాడు.

"నువ్వన్నది నిజమేనే. ఎవరో ఒకరు అనాలిగా" అన్నాడు. వెటకారం కూడా లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్నే కవర్లవాడు అద్దాల పెట్టె తెచ్చి బల్ల మీద దించేశాడు. వాడు మేకులు కొట్టుకుంటుంటే చూడలేక, ఆ ల్యాప్‌టాప్ తీసి జిరాక్సు మిషను మీద పెట్టుకున్నాను. షట్‌డౌన్ చేసి, పవర్ నొక్కి, ఎఫ్ టూ నొక్కాను. పాస్‌వర్డ్ తెర వచ్చింది. తొందరపడ్డానేమో అనుకుని మళ్ళీ చేశాను. రెండు చేతులతో బాదాను. పదిసార్లయింది. కవర్లవాణ్ణి పిలిచి నొక్కమన్నాను. పాతికేళ్ళవాడు, ఫోన్ మీద వాడి వేళ్ళు ఆడుతుంటే కంటికి ఆనవు. వాడికీ పాస్‌వర్డ్ తెరే వచ్చింది.

నా చేతులకు ఏ జబ్బూ లేదు. వాడి చేతులకు అంతకన్నా లేదు. నిన్న అంత మాట అనేముందు నాలుగడుగులు వేసి నేనొకసారి నొక్కి చూసి ఉంటే చాలు కదా! చూడలేదు. తప్పు అన్నయ్య చేతిదేనని అన్నయ్య కంటే ముందు నేనే తీర్మానించేశాను.

జిరాక్సు కోసం నిలబడ్డవాళ్ళను తర్వాత రమ్మని, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. గోడౌన్ గేటు పక్కన రేకుల గది. ఒక స్టూలు, ఒక ఫ్యాను, దారం కట్టిన పెన్నుతో ఒక లావుపాటి పుస్తకం. స్టూలు మీద అన్నయ్య.

"ఏంటే, దుకాణం వదిలేసి వచ్చావ్?"

"నాకూ రావట్లేదు అన్నయ్యా. కవర్లవాడికీ రాలేదు. ఇది నీ చెయ్యి కాదు, ఈ దిక్కుమాలిన మిషనే!"

అన్నయ్య ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూశాడు.

"ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండుంటుంది" అన్నాడు మెల్లగా. "అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదే. సగం నిద్రలో ఉండి, ఆన్ చెయ్యగానే ఒక్క ఉదుటున లేచేస్తుంది. మీట నొక్కే వ్యవధి ఇవ్వదు. రీస్టార్ట్ కొడితేనే మొత్తం ఆగి మొదట్నుంచీ లేస్తుంది."

"నీకు ఇదంతా తెలుసా?"

"తెలియకపోవడమేంటే. ఎంతమందికి చెప్పానో."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసినవాడివి నిన్న ఏం చేస్తున్నావ్ మరి? గుడ్లప్పగించి చూస్తున్నావా?"

"నిన్న నేను దాన్ని చూడలేదే" అన్నాడు. "నా చేతినే చూస్తూ కూర్చున్నాను."

ఎడమచేత్తో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడిచేత్తో రీస్టార్ట్ కొట్టాడు. నీలం తెర వచ్చింది. అందులో ట్రబుల్‌షూట్, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని లోపల ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. మళ్ళీ రీస్టార్ట్ కొట్టాడు. ఈసారి ఏ మీటా బాదకుండానే ఆ లోపలి సెట్టింగుల తెర దానంతట అదే వచ్చి నిలబడింది. ల్యాబు ఆవిడకు కావలసింది వెతికి ఆన్ చేసి, సేవ్ చేసి, నా చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"పద అన్నయ్యా. ఆ అద్దాల పెట్టె నేనే ఎత్తి అవతల పడేస్తాను."

"మాటిచ్చానే వాడికి. ఇక్కడ బావమరిదికీ ఇచ్చాను."

"నిన్న నేనన్నది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు దెబ్బలు వెయ్యి, పడతాను."

"నువ్వు తీసుకుంటే పోతుందా పిచ్చిదానా" అన్నాడు, నా తల మీద చెయ్యి వేసి. ఎడమచెయ్యి. "అది నువ్వు అనకముందు నుంచీ నాలో ఉంది. నీ నోటి వెంట వినేసరికి ఖాయమైపోయింది."

బయట లారీ హారన్ కొట్టింది. అన్నయ్య కిటికీలోంచి తొంగిచూసి, కుడిచేత్తో పెన్ను అందుకుని నంబరు రాసుకుని లేచాడు. నేను ఆ పుస్తకంలోకి చూశాను. పొద్దుటి నుంచి వచ్చిన లారీలు పంతొమ్మిది. పంతొమ్మిది నంబర్లూ గీత గీసినట్టు నిటారుగా, గుండ్రంగా ఉన్నాయి. ఒక్క అంకె కూడా వణకలేదు. అన్నీ కుడిచేత్తో రాసినవే.

"అన్నయ్యా, ఒక్కసారి ఇటు రా. ఈ పేజీ చూడు."

"లారీ ఆగిందే, ఉండు" అంటూ బయటికి నడిచాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో గేటు తోశాడు.