రంగు సీసాతో వచ్చిన కాగితం

నాలుగేళ్లుగా మోస్తున్నాను. పెద్ద బరువేమీ కాదు, జుట్టు రంగు సీసాతో వచ్చిన అరచేతి వెడల్పు కాగితం. దాన్ని చదివింది నేను.

మా మావయ్య కొడుకు సూరిబావ పెళ్లిచూపులకు ముస్తాబవడానికి విశాఖపట్నం వెళ్లి, ఏదో మందు పెట్టించుకుని, జుట్టంతా ఉంగరాలు తిప్పించుకొచ్చాడు. మూడు రోజులు ఆ ఉంగరాల గురించి తప్ప ఇంకో మాట లేదు. అప్పుడు అద్దంలో నాలుగు తెల్లవెంట్రుకలు కనిపించాయి. ఇంట్లో ఎవరో పోయినంత గోల. రంగు సీసా కొని, నన్ను వెంటబెట్టుకుని, నరసన్నపేట బజారులో సింహాచలం క్షౌరశాలకు వెళ్లాడు.

సింహాచలానికి చదువు రాదు. ఒక వెంట్రుక వేళ్ల మధ్య లాగి చూశాడు.

"బాబూ, ఆ మందు ఎట్టించుకుని మూడ్రోజులే అయినాది. రెండు వారాలు ఆగండి. ముందు సెవెనకాల సుక్కేసి సూద్దుం."

"ఆదివారం పెళ్లిచూపులురా. ఒరే, నువ్వు సదువు, ఆ కాయితంలో ఏటి రాసున్నాది?" అన్నాడు బావ నాతో.

రెండు వారాలు ఆగమనే ఉంది. ముందు చెవి వెనక చుక్క వేసి చూడమని కూడా ఉంది.

"ఏటీ నేదు బావా. ఎప్పుడైనా ఎయ్యొచ్చంట."

ఎందుకన్నాను? రంగు కాస్త వికారంగా తేలితే వారం రోజులు నవ్వుకోవచ్చనా? లేక, నేను కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషుతో చదివిన సంగతి సింహాచలానికి వేళ్లతోనే తెలిసిపోయిందన్న కడుపుమంటా? రెండోదే అనుకుంటాను.

తల కడుగుతుంటే ఉంగరాలు ఉంగరాలుగానే చేతిలోకి వచ్చాయి. నెత్తి పొక్కింది. గుండు తప్పలేదు. ఆదివారం పిల్ల తరఫువాళ్లు గుండు చూసి, తండ్రి ఎప్పుడు పోయారని అడిగారు. తండ్రి పక్కనే కాఫీ తాగుతున్నాడు. సంబంధం పోయింది.

మావయ్య సింహాచలం మీద పడ్డాడు. నన్ను చూపించి, ఈ బాబు చదివిందే విన్నానని అతనంటే, చదువుకున్నవాడి మీద పెడతావా అని వీధంతా అరిచింది. నేను గోడ చూశాను. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇదే: పంతుళ్లు, గుమాస్తాలు ఇంతమంది ఉన్న వీధిలో ఆ కాగితం చూపించమని ఒక్కడూ అడగలేదు. అడిగి ఉంటే దొరికిపోయేవాణ్ణి. నా తప్పుకు వాళ్లను తిట్టడం ఎంత సుఖంగా ఉందో చూశారా?

అతని కొట్టుకు ఎవరూ వెళ్లలేదు. గరివిడిలో ఫ్యాక్టరీ వాళ్లకు గడ్డాలు గీస్తున్నాడని తెలిసి, పోయిన నెల వెళ్లి అతని ముందు కూర్చున్నాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. తల దించమన్నాడు. దించాను. క్రాపు చక్కగా కుదిరింది.

సింహాచలం నిజం చెప్పాడు. నేను అబద్ధం చదివాను. ఇంత రాశాక కాస్త ఊపిరాడుతోంది. నరసన్నపేటలో అతని కొట్టులో ఇప్పుడు ఎరువులు అమ్ముతున్నారు.