ఫియట్ ముందు సీటు

“...విప్పితే విప్పినట్టే ఉంటది చెల్లె, మల్ల బిగిచ్చేటోడు ఎవడు? పర్వత్ పాటియాల ఒకాయన అంబాసిడర్ గట్లనే ఇటుకల మీద కూసున్నది. దాంట్ల కోళ్ళు గుడ్లు పెడుతున్నయి!”

“మరి నువ్వు చేసేదేంది అన్నా? ఇంజనే పీకేసి బ్యాటరీ పెడ్తనంటివి. అది విప్పుడు కాదా? నీ వాటర్‌జెట్ మిషన్ల లెక్క బాపు బండిని గూడ...”

అక్కడ నీరజ మొహం అటు తిప్పుకుంది. మాట తెగిపోయింది.

గడప ముందు స్టూలు మీద కూర్చున్న సోమలింగం, కూతురు మళ్ళీ ఇటు తిరిగేదాకా చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అతనికి మాటలు వినేవి కాకుండా చూసేవి అయి చాలా ఏళ్ళయింది. ఎదుటివాళ్ళ నోరు కనపడినంతసేపూ మాట అందుతుంది. మొహం తిప్పితే అదెటో పోతుంది. పోయిన మాట కోసం వెతుక్కోవడం కూడా ఎప్పుడో మానేశాడు.

కొడుకూ కూతురూ అటొకరు ఇటొకరు నిలబడి ఉన్నారు. మధ్యలో మీగడ రంగు ఫియట్. రంగు చాలాచోట్ల పెచ్చులుగా లేచింది. చలికాలపు పొద్దుటి మంచు అద్దాల మీద కూర్చుని, లోపల ఏముందో కనపడకుండా చేసింది.

“హీరాలు చూసి చూసి నీకు మెరిసేటియే కావాలె,” అన్నాడు నరహరి. నీరజ కతర్‌గామ్‌లో వజ్రాలకు సానబట్టే కంపెనీలో సార్టింగ్ దగ్గర కూర్చుంటుంది.

“అవునన్నా, మెరవాలె. ఇంట్ల పాతది అని చూపిచ్చుకోను మనకేమున్నది చెప్పు? తాతది కంచం లేదు, చెంబు లేదు. ఇదొక్కటే. దీన్నన్న మొదలు ఎట్లుండెనో గట్ల చేపిద్దామంటున్న. రంగు, సీట్లు, బంపర్ అన్నీ అసలువే. గ్యారేజీ పరమేశ్వరన్న చేస్త అన్నడు. ఏడాది పడ్తది, పడనీ.”

“ఏడాది! ఏడాది దాంక బాపు ఏం చెయ్యాలె ఆదివారం పూట?” నరహరి గొంతు తగ్గించాడు కాబోలు, పెదవులు చిన్నగా కదిలాయి. “నాకు మెరుపుతోటి పనిలేదే. బాపుకు వెనకొచ్చే లారీ హారన్ వినపడది. కొత్త మోటరు, కొత్త బ్రేకులు, రెండు వేరే వేరే సీట్లు, బెల్టులు పెట్టిస్తే నాకు జర నిద్ర పడ్తది.”

అది మాత్రం సోమలింగానికి పూర్తిగా అందింది.

ఎండాకాలంలో బండి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి. అందుకని పిల్లలిద్దరూ ఏదో ఒకటి ఇప్పుడే తేల్చమంటున్నారు. ఇద్దరూ ఒక్కసారే తండ్రి వైపు తిరిగారు. “నువ్వే చెప్పు బాపూ.”

“వచ్చే ఆదివారం చెప్త,” అన్నాడతను. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో అతనికి తెలియదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

*

సోమలింగం సాంచల మాస్టర్‌గా పనిచేసిన ఉధ్నా కార్ఖానాలో సాంచలు నడిచినన్నాళ్ళూ ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. మరమగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే నేల, గోడలు, ఛాతీలోని ఎముకలు కూడా ఆ దరువే వేసేవి. అక్కడి మనుషులు ఒకరి నోరు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్ళు. నోరు కనపడకపోతే చేతులున్నాయి. రెండు వేళ్ళు రుద్దితే పోగు తెగిందని, అరచెయ్యి బోర్లిస్తే సాంచ ఆపమని, పిడికిలి మీద పిడికిలి పెడితే సేఠ్ వచ్చాడని.

అతని భార్య పద్మారాణి అదే కార్ఖానాలో చివర కూర్చుని కండెలు చుట్టేది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళది ఒకటే గది. అందులోనే అత్తమామలు, మరిది. ఇంట్లో గుసగుసగా అన్న మాట కూడా నలుగురికీ వినపడేది. అందుకని మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నదంతా ఆ హోరులోనే. ఆమె కండెల గంప అందిస్తూ అతని మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టేది. ఆ తట్టుడుకు అర్థం కార్ఖానాలో ఇంకెవరికీ తెలియదు.

తరవాత సేఠ్ కిమ్ వైపు స్థలం తీసుకుని నీటి ధారతో నడిచే కొత్త మిషన్లు పెట్టాడు. నరహరి ఇప్పుడు పనిచేసేది వాటి మీదే. పాత సాంచలను సుత్తులతో పగలగొట్టి టెంపోల్లో ఎక్కించారు. ఆ రోజు సోమలింగం గేటు దగ్గర నిలబడి చూశాడు. ఇనుము విరుగుతున్నది కనపడుతోంది కానీ చప్పుడు లేదు. నీళ్ళ అడుగున ఎవరో ఏదో చేస్తున్నట్టుగా ఉంది. షెడ్డంతా ఖాళీ అయ్యాక మూలన ఒక దిబ్బ మిగిలింది. నుసి దులిపితే అది సేఠ్ తండ్రి నడిపిన ఫియట్. “లఈ జా, సోమా,” అన్నాడు సేఠ్. తీసుకుపొమ్మని.

బాగు చేయించి మొదటిసారి ఇంజను స్టార్ట్ చేసిన రోజు స్టీరింగ్ పట్టుకున్న అతని చేతుల్లోకి ఒక దరువు ఎక్కింది. టక టక టక టక. మెకానిక్ అది టాపెట్ల చప్పుడని, వదులైనాయని ఏదో చెప్పాడు. సోమలింగం అతని నోరు చూడలేదు. పగలగొట్టిన సాంచ ఎక్కడికీ పోలేదని, ఈ బానెట్ కింద కూర్చుని ఆడుతున్నదని అనిపించింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరతారు. ఆ బండిలో ముందు సీటు ఒకటే పొడుగు పరుపు. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో అడ్డేమీ లేదు. పద్మారాణి జరిగి అతని పక్కనే కూర్చుంటుంది. ఇంట్లో ఆమె మాట అందాలంటే ఆమె పని ఆపి, చెయ్యి తుడుచుకుని, అతని ఎదురుగా వచ్చి నిలబడాలి. బండిలో అట్లా కాదు. కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, ఆమె వేళ్ళు అతని చేతి మీద మాట్లాడతాయి.

నరహరి చెప్పినట్టు రెండు సీట్లు వేరు చేస్తే ఆ మాట పోతుంది. నీరజ చెప్పినట్టు చేయిస్తే బండి ఏడాది పాటు కనపడదు, వచ్చాక గుడ్డ కప్పి ఉంచుతారు. ఈ సంగతి పిల్లలకు ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు. ఇంత వయసొచ్చిన మనిషి నోటితో చెప్పే మాటా అది?

*

వారం మధ్యలో నరహరి బండిని కడోదరాలో పరమేశ్వర్ గ్యారేజీకి తీసుకుపోయాడు. ఏ పని చేయించాలన్నా ముందు ఒకసారి చూపించాలి కదా అన్నాడు. శనివారం తెచ్చి నిలబెట్టి తండ్రి ఎదురుగా వచ్చి నవ్వాడు.

“బాపూ, టాపెట్లు సెట్ చేసిండు. గంత లూజుతోటి నడిపితే లోపలంతా అరిగిపోవునట. ఇగ చూడు, పిల్లి లెక్క పోతది!”

సోమలింగం తల ఊపాడు.

ఆదివారం మంచు దట్టంగా పడింది. లింబాయత్ దాటేసరికి ముందు పోయే ఆటోల ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడలేదు. స్టీరింగ్ పట్టుకున్న చేతులు ఖాళీగా ఉన్నాయి. బండి పోతోంది, ఇళ్ళు పోతున్నాయి, చెట్లు పోతున్నాయి, కానీ అరచేతుల్లోకి ఏదీ రావడం లేదు. కలలో నడుస్తున్నప్పుడు పాదాలు నేలకు తాకనట్టు ఉంది. మంచులోంచి ఒక సైకిలు వచ్చి, అట్లాగే కరిగిపోయింది. తాను నిద్రపోతున్నాడా అని ఒకసారి పద్మారాణి వైపు చూశాడు. ఆమె శాలువా కప్పుకుని ముందుకు చూస్తోంది.

తాపీ వంతెన ముందు సిగ్నల్ పడింది. బండి ఆగింది. అంతటా తెలుపు, నిశ్శబ్దం. ఇంజను ఆగిపోయిందనుకున్నాడు సోమలింగం. దీపం పచ్చబడగానే తాళం తిప్పాడు. ముందు స్కూటర్ మీద ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ తిప్పాడు. పక్క కారులో ఒకామె రెండు చెవులూ మూసుకుంది. ఆమె అట్లా ఎందుకు మూసుకుందో అతనికి అర్థమయ్యేలోపు పద్మారాణి అరచెయ్యి అతని చేతి మీద బోర్లా పడింది. ఆపు. తరవాత అతని చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుని ఒక్కో మాటా పలికింది.

“నడుస్తున్నదయ్యా. బండి నడుస్తనే ఉన్నది.”

నడుస్తున్న ఇంజనుకు మళ్ళీ తాళం తిప్పాడు. సాంచల మాస్టర్ నడుస్తున్న సాంచను చూసి ఆగిందనుకున్నాడు. గేరు వేశాడు, బండి ఒక్కసారి ఎగిరి ముందుకు దూకింది. నరహరికి నిద్ర ఎందుకు పట్టడం లేదో ఆ వంతెన మీద అతనికి అర్థమైంది. వెనక ఎవరైనా హారన్ కొడుతున్నారేమో, ఎంతసేపటి నుంచి కొడుతున్నారో. ఈ బండి తాళాలు తన దగ్గర నుంచి తీసుకుంటే తాను కాదనలేడు.

నది అవతల పోంక్ అమ్మే డేరాలున్నాయి. నిప్పుల మీద లేత జొన్న కంకులు కాల్చి, గుడ్డలో వేసి కొట్టి, ఆకుపచ్చ గింజలు రాల్చి ఇస్తారు. పద్మారాణి వాటిని ఇక్కడి పేరుతో ఎన్నడూ పిలవలేదు. ఊచబియ్యం అనే అంటుంది. పొట్లం తెచ్చి బండిలో కూర్చుంది.

“భయమైందా?” అంది, మొహం అతనికి ఎదురుగా పెట్టి.

“ఏమో. గా సప్పుడు లేకుంటే నాకు బండి అందుతలేదు, పద్మా.”

“అది సప్పుడు గాదు, గోల. ఇన్నేండ్లు నా చెవులు పోయినయి గని నేనేమన్న అన్ననా?” నవ్వి, కొన్ని గింజలు అతని అరచేతిలో పోసింది. “ఇప్పుడే మంచిగున్నది. నీళ్ళల్ల పడవ పోయినట్టున్నది.”

“నీకైతే ఉన్నది.”

ఆమె అద్దం మీది మంచును శాలువా కొంగుతో తుడిచింది. నది మీద పొగ లేస్తోంది. పోంక్ కాల్చే పొగ, నది పొగ కలిసి ఏది ఏదో తెలియడం లేదు. సోమలింగం తల వెనక్కి వాల్చాడు. రెప్పల కింద షెడ్డు కనపడింది. సాంచలన్నీ చప్పుడు లేకుండా ఆడుతున్నాయి, పోగు మోసే నాడెలు చేపల్లాగా అటూ ఇటూ ఈదుతున్నాయి. చివర కండెలు చుట్టే చోట ఎవరూ లేరు. అతను మగ్గం నుంచి మగ్గానికి పోతూ వెతుకుతున్నాడు. మణికట్టు మీద రెండు తట్లు పడ్డాయి. కళ్ళు తెరిచాడు.

“పోదామా?” అంది ఆమె వేలు.

తిరుగు దారిలో మంచు పల్చబడింది. వంతెన ఎక్కుతుండగా ఆమె వేలు అతని చేతి మీద ఒకసారి తట్టింది. అతను అడగబోయాడు. మళ్ళీ తట్టింది, పైకి గీసింది. గేరు మార్చమని. మార్చాడు. బండి మెత్తగా సాగింది. కొంచెం దూరం పోయాక కిందికి గీసింది. మార్చాడు. వెనక లారీ వస్తోందని అరచెయ్యి ఎడమకు ఒరిగించింది. పక్కకు తీశాడు. లారీ గోడలాగా పక్కనుంచి దాటిపోయింది. ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. ఒకసారి కిందికి చూస్తే, చెప్పులు విడిచిన ఆమె ఎడమకాలు అతని కాలితో పాటే, లేని క్లచ్‌ను తొక్కుతోంది. తొక్కి, నెమ్మదిగా వదులుతోంది. అతను వదిలినదానికన్నా నెమ్మదిగా. ఎన్నేళ్ళ నుంచి తొక్కుతోందో.

ఉధ్నా దాకా అట్లాగే వచ్చారు. ఎక్కడా బండి ఎగరలేదు.

*

ఇంటి ముందు పిల్లలిద్దరూ నిలబడే ఉన్నారు. నీరజ చేతిలో ఫోను, అందులో మెరిసిపోతున్న ఎవరిదో ఫియట్ బొమ్మ. నరహరి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

“ఎట్లున్నది బాపూ? సప్పుడే లేదు గదా!”

“బాపు బండి దిగేదాంక ఏం అడగొద్దని నాకు చెప్పి, ఇప్పుడు అన్ననే అడుగుతుండు చూడు,” అంది నీరజ. “బాపూ, ఆదివారం అయింది. అన్న చెప్పిందా, నేను చెప్పిందా?”

“నేను చెప్పిందే చేస్తడు. నీ మాట వింటే బండి మ్యూజియంల ఉంటది.”

“నీ మాట వింటే సెల్‌ఫోన్ అయితది!”

సోమలింగం బండి దిగలేదు. ఇద్దరి నోళ్ళూ చూశాడు. ఇంజను ఆపడానికి తాళం మీద చెయ్యి వేసి, పద్మారాణి వైపు తిరిగాడు. నడుస్తున్నదని ఆమె తల ఊపింది. అప్పుడు ఆపాడు. తాళం తీసి, రెండోవైపు తలుపు తెరుచుకుని దిగుతున్న ఆమె చేతిలో పెట్టాడు.

“ఏందయ్యా ఇది?” అందామె.

అతను పిల్లల వైపు తిరిగాడు. గొంతు ఈసారి కూడా పెద్దగానే వచ్చి ఉంటుంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

“ఏం విప్పేది లేదు, ఏం పెట్టేది లేదు. బండి గిట్లనే నడుస్తది. నరహరీ, రేపు కిమ్‌కు జర ఆలస్యంగ పో. మీ అమ్మను లర్నింగ్ లైసెన్స్‌కు తీస్కపోవాలె.”