అలమర మీది రెండు ముక్కుపొడి డబ్బీలు

పావగడ ఆసుపత్రి డాక్టరుగారు పోయారని సోమవారం బడికి కబురొచ్చింది. పిల్లలకు సెలవిచ్చి, నిడుగల్లు నుంచి బండి కట్టించుకుని బయలుదేరాను. నేనింకా బడిపంతులుగా ఉన్నానంటే అది ఆయన చలవే.

కొన్నేళ్ల కిందట నా ఎడమ కన్ను ఊరికే కారేది. పాఠం చెబుతుంటే పుస్తకం మీద బొట్లు పడి అక్షరాలు అలుక్కుపోయేవి. పంతులుగారికి ఏం కష్టమొచ్చిందోనని పిల్లలు గుసగుసలాడేవారు. వచ్చే తనిఖీకీ ఇట్లాగే ఉంటే పని మానుకోవలసిందేనని ఇనస్పెక్టరు తేల్చి చెప్పారు. డాక్టరుగారు చీటీ రాసి బెంగళూరు పంపారు. కన్నీరు దిగే గొట్టం మూసుకుపోయిందని, అక్కడ కంటి మూల నుంచి ముక్కులోకి కొత్త దారి తెరిచారు.

తిరిగొచ్చి చూపిస్తే ఆయన సంబరపడి, తన ముక్కుపొడి డబ్బీ తెరిచి నా ముందు చాపారు. పెద్దమనిషి చాపిన డబ్బీని కాదనడం మా వైపు మర్యాద కాదు. చెరో చిటికెడు పీల్చాం. ఆపరేషనుకని మానిన అలవాటు మళ్లీ మొదలైంది. రెండు నెలలకు కన్నూ మళ్లీ కారింది.

ఈసారి ఆయన నుదుటికి అద్దం కట్టుకుని, దీపం దగ్గర పెట్టి, నా ముక్కులోకి చూశారు.

"లోపలంతా వాచి, ఆ దారికి అడ్డం అతుక్కోని ఉండాదప్పా. కంటికి వాకిలి ముక్కులో పెట్టినారు. ఆ వాకిట్లో పొడి పోసింది నేనే. నిన్ను పంపించేముందే ముక్కు చూడాల్సింది, చూడలేదు. తప్పు నాది."

"మీదేంది సామీ, పీల్చింది నేను కదా!"

"నువ్వు పంతులువి. డాక్టర్ని నేను కదప్పా."

బెంగళూరుకు రాసిన జాబులోనూ అదే మాట రాశారు. అంతటి మనిషి అట్లా ఒప్పుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నా డబ్బీ లాక్కుని తన గదిలో అలమర మీద పెట్టారు. పక్కనే తనదీ పెట్టారు.

"నువ్వొక్కడివే మానితే ఎట్లా?" అన్నారు.

ముక్కు నెమ్మదించాక బెంగళూరులో రెండోసారి ఆపరేషను చేశారు. తనిఖీనాడు నా పుస్తకం పొడిగా ఉంది. ఆ తర్వాత కన్ను కారుతోందని ఎవరొచ్చినా డాక్టరుగారు ముందు ముక్కే చూసేవారు. "కన్ను చూపిస్తే ముక్కు పట్టుకుంటాడే ఈయన!" అని సంతలో జనం నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవారు. నేను కనబడితే చాలు, ఒకటే వేళాకోళం.

"ఏడ్చినప్పుడు ముక్కు కారితే దారి బాగుండాదని అర్థమప్పా. ఒకసారి ఏడ్చి చూపించు!"

"ఏడ్చేదానికి నాకేం కష్టముండాది సామీ?" అనేవాణ్ణి.

సోమవారం ఆ గదిలోకి వెళ్లాను. డబ్బీలు రెండూ దుమ్ము పట్టి, పెట్టినచోటే ఉన్నాయి. ఆయనది తెరిచి చూశాను. సగానికి పైగా ఉన్న పొడి గడ్డకట్టుకుపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. పాత అలవాటుగా తుండుగుడ్డను ఎడమ కంటికి తీసుకెళ్లబోతే, ఎడమ ముక్కు ధారగా కారుతోంది.