పచ్చ లైట్ల ఫోటో

జగ్గయ్యపేటలో విజయవాడ బస్సెక్కి, నందిగామకు టిక్కెట్టు తీసుకుని, కూర్చున్నాను. దారిలో ఒక అంగన్‌వాడీ టీచరు ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆవిడ పేరు అడగలేదు. సెంటర్లో పిల్లల ఫోటోలు ఆన్‌లైన్లో ఎక్కించడానికి నందిగామ దాకా వెళ్తున్నానని తనే చెప్పింది.

"మీ ఊళ్ళో నెట్ లేదాండీ?" అన్నాను.

"పంచాయతీ ఆఫీసులో నెట్ పెట్టె ఉందండీ. పచ్చ లైట్లు వెలుగుతానే ఉంటాయి. దసరాకి బొట్టు కూడా పెట్టారు. నెట్ మాత్రం రాదు."

ఏ ఊరని అడిగాను. చెప్పింది.

ఆ పెట్టె బిగించింది నేనే. కేబులు ఊరి బయటే ఆగిపోయింది. అయినా కరెంటిస్తే చాలు, లైట్లు వెలుగుతాయి. ఆ లైట్లను ఫోటో తీసి ఆఫీసుకు పంపితే ఊరికి నెట్ వచ్చేసినట్టే లెక్క. మేమంతా అలాగే చేసేవాళ్ళం.

"మీరేం చేస్తారండీ?" అంది.

"సిమెంటు ఫ్యాక్టరీలో పని," అన్నాను.

ఆవిడ తలూపి కిటికీ వైపు తిరిగింది. నందిగామలో లేచి, సంచీ భుజాన వేసుకుని, కోపమేమీ లేకుండా అంది:

"ఆ రోజు ఎండన పడొచ్చారని మీకు మజ్జిగిచ్చింది నేనేనండీ. ఈసారొస్తే మళ్ళీ ఇస్తా. కాస్త ఆ వైరు కలిపెళ్ళండి."

మజ్జిగ గుర్తుంది నాకు. ఇచ్చిన మనిషే గుర్తులేదు.

నేనూ అక్కడే దిగాలి. ఆవిడ వెనకాల దిగడానికి మొహం చెల్లక, కంచికచర్లకు ఇంకో టిక్కెట్టు తీసుకున్నాను.