మూడు గిన్నెల క్యారేజీ, ఒక మ్యాట్నీ

తొంభైల్లో నేను అమలాపురం దగ్గర ఒక షెడ్డులో కొబ్బరితాడుతో గుమ్మాల ముందేసే కాలిపట్టాలు నేసేదాన్ని. మగ్గాల మీద అందరం ఆడవాళ్లమే. కొత్తగా వచ్చిన మేనేజరుగారు పొద్దున్న గంట కొట్టగానే గేటు మూయించేవారు. ఎవరూ నొచ్చుకోలేదు. అందరికన్నా ముందు ఆయన సైకిలే లోపల కనపడేది మరి.

తర్వాత ఆయన బహుమతి పెట్టారు. నెలలో ఎక్కువ పట్టాలు నేసినవాళ్లకి మూడు గిన్నెల స్టీలు క్యారేజీ.

అంతవరకూ ఎవరి తాడు తెగినా పక్కవాళ్లు లేచి ముడేసేవారు. బహుమతి వచ్చాక ఎవరి మగ్గం వాళ్లదే. మొదటి క్యారేజీ నా పక్క మగ్గం అక్కకి వచ్చింది. చర్చిలో పాటలు పాడే మనిషి. ఆవిడ నేస్తూ పాడుతుంటే మేమూ గొంతు కలిపేవాళ్లం. ఆ నెల నుంచి భోజనాల దగ్గర ఎవరూ ఆవిడ పక్కన కూర్చోలేదు. ఆవిడ పాటా ఆగిపోయింది.

రెండో నెలా ఆవిడే గెలిచింది. మేనేజరుగారు అందరి ముందూ క్యారేజీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దండి. పోయిన నెలదాంట్లో తెచ్చిన కూరే తినేవాళ్లు లేరండి."

"అదేంటమ్మా, ఎందుకు తినరు?"

మాలో పెద్దావిడ అందుకుంది: "ఆవిడ కూరలో ఉప్పెక్కువండి!"

షెడ్డంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వేసింది. మేనేజరుగారు నవ్వు ఆపుకుని అడిగారు.

"మరి మీకేం కావాలో మీరే చెప్పండి."

అంతకుముందు మమ్మల్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. కాసేపు గుసగుసలాడుకున్నాక పెద్దావిడే మళ్లీ అంది: "అందరం కలిసి ఆర్డరు ముందే పూర్తిచేస్తే మ్యాట్నీకి తీసుకెళ్తారాండీ?"

"ఆయ్, అలాగే. గేటు మాత్రం గంటకే మూస్తాను."

"మూసుకోండి బాబూ, మేం లోపలే ఉంటాంగా!"

ఆ నెల తాడు తెగితే నాలుగు చేతులు వచ్చిపడేవి. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పడానికి అక్కే తన మగ్గం వదిలి వెళ్లేది. ఆర్డరు గడువుకి ముందే లారీ ఎక్కింది.

అమలాపురంలో హాల్లో వరసలకి వరసలు మేమే. మేనేజరుగారు చివరి కుర్చీలో కూర్చుని అందరికీ వేరుశనక్కాయలు అందించారు. తల్లీకొడుకులు కలుసుకునే సీనులో ఆయన గబుక్కున జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు.

"ఏడుస్తున్నారేంటండీ?" అంది అక్క.

"కంట్లో పీచు పడిందమ్మా" అన్నారాయన.

మర్నాడు షెడ్డులో ఎవరు పీచు దులిపినా, "కళ్లు జాగ్రత్తండోయ్!" అని ఎవరో ఒకరు అరవడం, మగ్గాలన్నీ ఆపి మేం పడీపడీ నవ్వడం.