నాలుగు రొట్టె ముక్కలు

నా చిన్నప్పుడు ఎవరు ఏ కథ చెప్పినా నాకు ముందు అనుమానమే కలిగేది. ఎంతమంది, ఎన్ని, ఎంత దూరం అని అడిగేదాన్ని. మర్నాడు మళ్ళీ అడిగేదాన్ని. కల్పించి చెప్పేవాళ్ళకు రెండోసారి అంకె మారిపోతుందని నేనే కనిపెట్టుకున్నాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. అలా అబద్ధాలు పట్టుకుంటూ వచ్చినవే.

అప్పుడు మేము ఒర్లియంపేటలో ఉండేవాళ్ళం. నాన్న బట్టల మిల్లులో పనిచేసేవారు. సాయంత్రం ఆయన రాగానే అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి, తల మీదా భుజాల మీదా ఉన్న పత్తి నూగును తువ్వాలుతో దులిపేది. దులపనిదే లోపలికి రానిచ్చేది కాదు.

పక్కవాటాలో యానాం నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకు ఉండేది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివేది. అమెరికా నవలలు ఆమెకు పాఠం. తెలుగులో ఎవరికైనా చెబితే గానీ బుర్రకెక్కవని, సాయంత్రాలు మా తిన్నె మీద కూర్చుని అవ్వకూ అమ్మకూ నాకూ చెప్పేది. ఆ ఊళ్ళో చుట్టూ తమిళమే, బడి చదువూ తమిళమే. మా ఇంట్లో తెలుగు మాట్లాడడమే గానీ తెలుగు అక్షరం ఎవరికీ రాదు, ఇంగ్లీషు సంగతి సరేసరి. ఆమె చెప్పింది పుస్తకంలో ఉందో లేదో చూసుకునే దారి లేదు.

ఒకసారి ఒక ఫ్యాక్టరీ ఊరి నవల మొదలుపెట్టింది. పెద్ద యుద్ధం అయిపోయాక ఒకతను తిరిగొచ్చి ఫ్యాక్టరీలో చేరతాడు. కొత్త యంత్రాలు దిగుతాయి, అతని పని పోతుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ పొద్దున్నే భార్య కట్టిచ్చిన డబ్బా పట్టుకుని బయల్దేరతాడు. డబ్బాలో రెండు రొట్టె ముక్కలు. పగలంతా ఏటి ఒడ్డున కూర్చుని, ఫ్యాక్టరీ కూత విన్నాక ఇంటికి వెళతాడు.

అవ్వ నమ్మలేదు. "అమెరికాలో పని లేనోళ్ళు యాడుంటారు పాపా? అంత దుడ్డుండే దేశం. మన ఊరి కథకే ప్యాంటు తొడిగి చెప్తా ఉండావు నువ్వు."

"కాదండీ అవ్వగారూ, పరీక్షలో ఇదే రాయాలి. ప్యాంటు తొడిగితే మార్కులెయ్యరండీ."

"ఏమో. యానామోళ్ళు మాటల్లో గట్టోళ్ళు" అని అవ్వ వక్క నోట్లో వేసుకుంది.

నాకు మాత్రం అనుమానం కథ మీద నుంచి మా గుమ్మం మీదికి మళ్ళింది. కొన్నాళ్ళుగా నాన్న తల శుభ్రంగా ఉంటోంది. అమ్మ తువ్వాలు విదిలిస్తే ఏమీ రాలడం లేదు. దారిలోనే దులుపుకున్నానని ఆయన అనేవారు. అమ్మ తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి చూసేది. నాన్న నాలుగు మెతుకులు కతికి లేచిపోయేవారు. అడిగితే ఆయన ఏమైపోతారోనని అమ్మకు భయం. చెబితే అమ్మ ఏమైపోతుందోనని ఆయనకు భయం.

మర్నాడు కథ చివరికి వచ్చింది. నాన్న లోపల గదిలో పడుకుని ఉన్నారు, తలుపు తీసే ఉంది. అక్క రోజూ కంటే కాస్త గట్టిగా చెప్పింది. ఆ పొద్దున భార్య డబ్బాలో నాలుగు రొట్టె ముక్కలు పెట్టిందట.

నేను పట్టేశాను. "అక్కా, నిన్న రెండే అన్నావు. ఈ పొద్దు నాలుగు ఎట్లయినాయి?"

"నిన్న ఆవిడికి తెలీదు కదే. ఇవాళ తెలుసు. అందుకే ఇద్దరికీ కట్టి, పద, నేనూ వస్తానంది. ఏటి ఒడ్డున ఇద్దరూ కూర్చుని తిన్నారు. అంతే కథ."

"తిట్టలేదా?" అంది అమ్మ. అక్క కథల్లో అమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

"తిట్టడానికి ఆయన తప్పేముంది పిన్నిగారూ. యంత్రం వచ్చింది."

లోపల మంచం కిర్రుమంది. నాన్న బయటికి రాలేదు.

తెల్లవారి అమ్మ క్యారియర్‌లో ఇంకో గిన్నె చేర్చి, తానూ చెప్పులు వేసుకుంది.

"నువ్వు యాడికి?" అన్నారు నాన్న.

"నువ్వు పొయ్యే చోటికే."

ఆయన క్యారియర్ వైపు చూసి, ముందు నడిచారు. మధ్యాహ్నం ఖాళీ గిన్నెలతో ఇద్దరూ తిరిగొచ్చారు. నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిల్లులో పని పోయిందని అవ్వకు ఆయనే చెప్పారు. ఆ సాయంత్రం రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు. కొన్నాళ్ళకు బాహూరు అనే ఊళ్ళో బియ్యం మిల్లులో పని దొరికింది. అమ్మ తువ్వాలు నుంచి తవుడు రాలడం మొదలైంది.

పెద్దయ్యాక ఇంగ్లీషు కూడా నా అంతట నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ నవల పాత పుస్తకాల్లో కనబడితే, అనుమానం చావక కొని చదివాను. యుద్ధం, యంత్రాలు, ఏటి ఒడ్డు అన్నీ ఉన్నాయి. రొట్టె ముక్కలు రెండే. అతనికి భార్య మాత్రం లేదు. ఇరుగుపొరుగు ముందు తల వంచుకోలేక డబ్బా తనే కట్టుకునేవాడు, చివరి పేజీ దాకా ఒక్కడే తిన్నాడు. పని పోయిన రోజుల్లో నాన్న పగలంతా కూర్చున్నది మురుంగపాక్కం దగ్గర ఏటి ఒడ్డున. అక్క కాలేజీ బస్సు వెళ్ళేది ఆ దారినే. ఆ రెండూ కలిపి చూసుకోవడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. ఈరోజుకీ ఎవరి లెక్క చేతికొచ్చినా అనుమానంతోనే మొదలుపెడతాను. అంకె మారితే వదలను. కానీ దాని మీద గీత కొట్టే ముందు, అది ఎవరి ఆకలి చూసి మారిందో ఒకసారి అడుగుతాను.